గచ్చుగోడల నాచు

తొలకరి వానలు నాలుగు కురిసిన పిమ్మట హైదరాబాదు నగరపు తూర్పు వైపుననున్న దిల్‌సుఖ్‌నగరు, ఎల్.బి. నగరు ప్రాంతములలో ఏ వీధికి పోయినను ఒక మార్పు కనబడును. ప్రహరీగోడల అడుగు భాగములు, నీటి సంపుల అంచులు, మురుగు కాలువల గోడలు, మేడమెట్ల క్రింది నీడ మూలలు నిన్నటి వరకు మసి పూసినట్లు నల్లగా నుండినవి, నేడు పచ్చని మఖమలు పరచినట్లగును. గృహస్థులు దీనిని చూచి సంతోషింపరు. పాచి పట్టినదని, కాలు జారునని, చీపురును బ్లీచింగు పొడిని చేతబట్టుదురు. పాచి జారుట నిజమే. కాని గోడమీద మెత్తగా కూర్చున్న ఆ పచ్చదనమంతయు పాచి కాదు. అందులో వ్రేలిగోరంత ఎత్తైనను లేని, కాండమును ఆకులును గల మొక్కలు వేలకొలదిగా నుండును. వీనికిని మన నగరపు గోడలకును గల సంబంధము నాలుగు వందల ఏండ్లకు పైబడినది. ఆ సంబంధమును గూర్చియే మేమిచ్చట ముచ్చటింప దలచితిమి.

ముందుగా పేర్ల సంగతి. పాచి, నాచు అను రెండు మాటలను మనము ఒకదానికి బదులు మరియొకటిగా వాడుచున్నాము. చెరువు నీటిలో తీగలు సాగునదియు నాచే, కోనేటి మెట్లమీద జారునదియు నాచే. శాస్త్రదృష్టితో చూచిన వీనిని మూడుగా విడదీయవలెను. తడి నేలపై జిగురుగా, కాండము ఆకు అను భేదము లేక పరచుకొనునది శైవలము. రాతిమీద బూడిదరంగు పెచ్చుల వలె అంటుకొని యుండునది శైవలమును శిలీంధ్రమును కలిసి కాపురము చేయుటచే ఏర్పడినది. మన వంటింటి మసాలాలోని రాతిపువ్వు ఈ కోవకు చెందినదే. ఇక మూడవది అసలైన నాచుమొక్క. దీనికి కాండము కలదు, ఆకులు కలవు. పువ్వు లేదు, విత్తనము లేదు, నిజమైన వేరును లేదు. సన్నని నూలుపోగుల వంటివానితో గోడను పట్టుకొని, నీటిని ఒడలెల్ల పీల్చుకొనును. ఈ వ్యాసములో నాచు అన్నపుడెల్ల ఈ మూడవదానినే గ్రహింప ప్రార్థన.

ఈ గందరగోళము మనకు మాత్రమే పరిమితమైనది కాదు. 1741లో ఆక్స్‌ఫర్డునందలి ఆచార్యుడు డిలెనియస్ నాచుల చరిత్ర అను పేర ఒక గొప్ప గ్రంథమును ప్రకటించెను. అందులో నాచులతోపాటు శైవలములు, రాతిపువ్వులు మొదలైనవన్నియు ఒకే పంక్తిలో కూర్చుండినవి. తరువాత వచ్చిన లిన్నేయస్ మహాశయుడు పుష్పించని మొక్కల నన్నింటిని రహస్య వివాహము గలవి అని అర్థమిచ్చు పేరుతో ఒక తరగతిలో చేర్చెను. నాచుపైన నిలుచు చిన్న కాయను ఆయన పుప్పొడి తిత్తి యని భ్రమించెను.

ఆ రహస్యమును ఛేదించినవాడు యోహాన్ హెడ్విగ్. ఈయన 1730లో ట్రాన్సిల్వేనియాలోని బ్రషోవ్ పట్టణమున జన్మించెను. వృత్తిచేత వైద్యుడు. రోగులను చూడగా మిగిలిన వేళలలో నాచులను సేకరించి సూక్ష్మదర్శినితో పరీక్షించుచుండెను. 1774లో నాచు యొక్క పురుషాంగములను ఆయన గుర్తించెను. లిన్నేయస్ పుప్పొడి తిత్తి యనుకొన్నది వాస్తవముగా సిద్ధబీజములతో నిండిన కాయ యని స్థాపించెను. అంతేకాదు, కాయ మూత యూడినపుడు దాని నోటి చుట్టును వరుసగా కనబడు సన్నని పండ్లను లెక్కించి, వాని అమరికనుబట్టి నాచులను గుంపులుగా విభజించెను. ఆయన 1799లో మరణించెను. మిగిలిన గ్రంథము శిష్యుని చేతిమీదుగా 1801లో వెలువడెను. నేటికిని నాచుల శాస్త్రీయ నామములకు ఆ 1801 గ్రంథమే ఆరంభరేఖ. దాని కంటె ముందటి పేర్లు చెల్లవు. స్ఫాగ్నమ్ అను బురదనేలల నాచు ఒక్కటియే దీనికి మినహాయింపు.

ఇప్పుడు మన గోడమీది నాచు వద్దకు వత్తము. మైదానములలో తడిగోడలపై మిక్కిలి తరచుగా కనబడు వానిలో హయోఫిలా ఇన్వొల్యూటా ఒకటి. దీని పేరే ఒక చిన్న చరిత్ర. ఆంగ్ల వృక్షశాస్త్రజ్ఞుడు విలియం జాక్సన్ హుకర్, తరువాతి కాలమున క్యూ ఉద్యానమునకు అధిపతియైనవాడు, 1818 నుండి 1820 వరకు పరదేశపు నాచులను గూర్చి బొమ్మలతో ఒక గ్రంథమును వెలువరించెను. అందు 1819లో దీనిని మొదటిసారి వర్ణించుచు జిమ్నోస్టోమమ్ అను జాతిలో చేర్చెను. ఆ మాటకు బోడినోరు అని అర్థము. దీని కాయ నోటికి హెడ్విగ్ లెక్కించిన పండ్లు లేవు. ఇన్వొల్యూటా అనగా లోపలికి చుట్టుకొన్నది. ఎండినపుడు దీని ఆకుల అంచులు లోపలికి చుట్టుకొనును. బోడినోరు గలవన్నియు ఒక్క జాతి కావని తరువాతి పండితులు గ్రహించిరి. 1827లో బ్రిడెల్ అను నాతడు హయోఫిలా జాతిని ఏర్పరచెను. వానను ప్రేమించునది అని దాని భావము. 1870 తరువాతి సంవత్సరములలో యేగర్ అను స్విస్ పండితుడు మన నాచును ఆ జాతిలోనికి మార్చెను. అప్పటినుండి అది అదే పేరుతో నిలిచియున్నది.

ఈ హయోఫిలా చేరిన కుటుంబమునకు పొట్టియేసీ అని పేరు. ఇది మన తెలుగు పొట్టి కాదు; పాట్ అను జర్మను వృక్షశాస్త్రజ్ఞుని పేరునుండి వచ్చినది. అయినను మొక్క యెత్తును చూచిన మన పొట్టియు తగియే యున్నది. నాచుల కుటుంబములలో మిక్కిలి పెద్దవానిలో ఇది యొకటి. సుమారు 1,500 జాతుల మొక్కలిందు కలవు. 1993లో రిచర్డ్ జాండర్ అను అమెరికను శాస్త్రజ్ఞుడు ఈ కుటుంబమును పునఃపరిశీలించి వ్రాసిన గ్రంథమునకు కఠిన పరిసరముల నాచులు అని ఉపశీర్షిక పెట్టెను. ఎడారి యిసుక, ఎండగాలు గోడ, మంచునేల, వీనియందు బ్రతుకగల శక్తి ఈ కుటుంబపు సొత్తు. వేసవిలో 40 డిగ్రీలు దాటు ఎండయు, జూను నుండి సెప్టెంబరు వరకు మాత్రమే దండిగా వానయు గల హైదరాబాదులో ఇవి నిలుచుట ఆశ్చర్యము కాదు.

అయితే ఇచ్చట ఒక ప్రశ్న కలుగును. హైదరాబాదు గ్రానైటు నేల. ఈ గుండ్లు సుమారు 250 కోట్ల సంవత్సరముల నాటివి. గ్రానైటులో సున్నపు పాలు మిక్కిలి తక్కువ. హయోఫిలాయో సున్నమును కోరు మొక్క. మరి ఈ నాచు ఇంత విరివిగా వ్యాపించుటకు కావలసిన సున్నమును ఇచ్చటికి తెచ్చిన దెవరు? మానవుడే.

గుండ్లను చీల్చి గోడ కట్టినంత మాత్రమున అది నిలువదు. రాతికి రాతికి నడుమ గచ్చు కావలెను. సున్నమును ఇసుకతో కలిపి గానుగలో రుబ్బి మన తాపీపనివారు గచ్చు చేసిరి. 1591లో చార్మినారు లేచినది ఈ గచ్చుతోనే. 1626లో, కుతుబ్ షాహీల కాలమున, నేటి దిల్‌సుఖ్‌నగరుకు దాపున సరూర్‌నగరు చెరువు ఏర్పడెను. 1798లో మరణించిన ఫ్రెంచి సేనాని రేమండు సమాధి మూసారాంబాగు గుట్టపై నున్నది. ఆ మూసారాం అను మాట మస్యూ రేమండు అనుదానికి ప్రజలిచ్చిన రూపమే. ఇట్లు ఊరికి తూర్పున, కట్టడము కట్టిన చోటెల్ల, గ్రానైటు రాళ్ళ నడుమ సున్నపు గీతలు పడినవి. రాతిపై నిలువజాలని నాచు ఆ గీతలపై నిలిచినది. నేటికిని పాత రాతిగోడను వానకారులో చూచిన రాయి బోడిగాను, అతుకులు పచ్చగాను కనబడుట గమనింపవచ్చును.

తరువాత షాబాదు బండ వచ్చినది. నిజాము రాజ్యములో అంతర్భాగమై యుండి, 1956లో మైసూరు రాష్ట్రమునకు చేరిన గుల్బర్గా జిల్లాలో షాబాదు కలదు. అచ్చటి పలకలు సున్నపురాతివి. హైదరాబాదు ఇండ్లలో నడవలకు, పెరళ్ళకు, మెట్లకు ఈ బండలనే పరచిరి. సున్నమును కోరు నాచుకు ఇది మరియొక వరమయ్యెను.

మూడవ దశ సిమెంటు. దిల్‌సుఖ్‌నగరు ఒకప్పుడు జాగీరు భూమి. దిల్‌సుఖ్‌రామ్ అను జాగీర్దారు పేరుమీద ఆ పేరు వచ్చినదని చెప్పుదురు. 1949లో హైదరాబాదు రాజ్యమున జాగీరులు రద్దయ్యెను. తరువాతి దశాబ్దములలో పొలములు ప్లాట్లయినవి, ప్లాట్లు కాలనీలైనవి. లాల్ బహదూర్ శాస్త్రిగారి పేర వెలసిన ఎల్.బి. నగరు విజయవాడ బాటపై నానాటికి విస్తరించెను. ఎల్.బి. నగరు, గడ్డిఅన్నారము పురపాలక సంఘములు 2007లో మహానగర పాలక సంస్థలో చేరెను. 2018 సెప్టెంబరు 24న అమీర్‌పేట నుండి ఎల్.బి. నగరుకు మెట్రో రైలు నడచెను. ఈ మార్పున కంతటికి పునాది సిమెంటు. సిమెంటునకు మూలపదార్థము సున్నపురాయి. క్రొత్త సిమెంటు గోడలో క్షారగుణము తీవ్రముగా నుండుటచే దానిపై నాచు నిలువదు. కొన్ని వానకారులు గడచి, గాలిలోని బొగ్గుపులుసు వాయువు తగిలి ఆ తీవ్రత తగ్గిన పిమ్మట, తడి నిలుచు చోట హయోఫిలా ప్రవేశించును. కనుక పచ్చబడిన ప్రహరీగోడ తన వయస్సును తానే కొంతవరకు చెప్పుచున్నదన్నమాట.

ఇంత సమీపమున నున్న మొక్కను మన దేశపు పండితు లెట్లు చూచిరి? 1781 నుండి 1793 వరకు సామర్లకోటలో పనిచేసిన రాక్స్‌బర్గ్ కోరమాండలు తీరపు మొక్కలను గూర్చి బొమ్మలతో ఘనమైన గ్రంథమును వ్రాసెను. మద్రాసు రాజధానిలో రాబర్ట్ వైట్‌కు రంగయ్య, గోవిందు అను చిత్రకారులు అద్భుతమైన చిత్రములు గీసి యిచ్చిరి. కాని ఆ గ్రంథములలో పెద్దపీట పూచి కాచు మొక్కలదే. నాచులను వెదకినవారు కొండలెక్కిరి. నీలగిరులలో పెరొటె సేకరించిన వానిని మోంటాఞ్ 1842లో వర్ణించెను. 1859లో మిటెన్ భారతదేశపు నాచుల నన్నింటిని ఒక గ్రంథమున కూర్చినపుడు అందు హిమాలయ సంపదయే మెండు. లాహోరులో శివరామ్ కశ్యప్ నాచులకు బంధువులైన లివర్‌వర్టులను హిమాలయములలో శోధించి, ఈ శాస్త్రమునకు మన దేశమున పునాది వేసెను. పళని కొండల నాచులపై ఫాదర్ ఫోరో వ్రాసిన గ్రంథము 1961లో వెలువడెను. కలకత్తాలో గంగూలీగారు 1969 నుండి 1980 వరకు తూర్పు భారతపు నాచులను విపులముగా వర్ణించిరి. కొండలలో తేమ ఎక్కువ, నాచులు ఎక్కువ. కావున పండితులు అచ్చటికి పోవుట సహజమే. మైదానపు గోడమీది నాచు వారి దారిలో తగిలిన బాటసారియే గాని వారి గమ్యము కాలేదు. ఆ పని ఈ నేలమీద నివసించువారికి మిగిలినది.

దానిని గుర్తించుట కష్టము కాదు. పది రెట్లు పెద్దదిగా చూపు చేతి భూతద్దము చాలును. మొదట ఎండిన నాచును చూడవలెను. హయోఫిలా ఆకులు ఎండినపుడు అంచులు లోపలికి మడచుకొని సన్నని గొట్టముల వలె నగును. ఒక్క నీటిబొట్టు వేసిన కొలది సేపటిలో విచ్చుకొని, నక్షత్రము వలె పరచుకొనును. ఆకు నాలుక ఆకారమున నుండును. నడిమి యీనె బలముగా కొనవరకు సాగును. కొనవైపు అంచున చిన్న రంపపు పండ్లుండును. ఆకుల మొదళ్ళలో చుక్కల వంటి ఆకుపచ్చని చిన్న ముద్దలు కనబడిన ఇక సందేహము అక్కరలేదు. అవి నక్షత్రాకారపు మొలక ముద్దలు. వానినీటి తాకిడికి రాలి, పడిన చోట క్రొత్త మొక్కలగును. కాయ వచ్చినచో అది స్తంభము వలె నిటారుగా నిలుచును, నోరు బోడిగా నుండును.

పోలికలను గూర్చియు జాగ్రత్త వహింపవలెను. ఇదే కుటుంబపు బార్బ్యులాకు కాయ నోట సన్నని పోగులు మెలిదిరిగి యుండును. చిన్న గడ్డము అని ఆ పేరునకు అర్థము. బ్రయమ్ అను వేరొక కుటుంబపు నాచుకు కాయ తల వ్రేలవేసి యుండును. కాలిన నేలమీదను పూలకుండీలలోను మొలచు ఫ్యూనేరియా కాయ పియరు పండును పోలి, తల వంచియుండును; పాఠ్యగ్రంథములలో విద్యార్థులు చదువునది దీనినే. హయోఫిలా నిటారు కాయ వీనినుండి దానిని వేరుపరచును.

ఇక పెంపకము. 1851లో హాఫ్‌మైస్టర్ అను జర్మను పండితుడు నాచు జీవితమున రెండు తరములు ఒకదాని వెంట ఒకటి వచ్చునని నిరూపించెను. మనము చూచు ఆకుపచ్చ మొక్క ఒక తరము. దానిపై నిలుచు కాయ మరియొక తరము. కాయనుండి రాలిన సిద్ధబీజము నేరుగా మొక్క కాదు; తొలుత పచ్చని నూలుపోగుల వలె అల్లుకొనును. ఆ పోగులపై మొగ్గలు తొడిగి, మొగ్గనుండి ఆకుల మొక్క లేచును. ఈ మొగ్గను తొడిగించున దేది యను ప్రశ్నకు సమాధానము ఈ పొట్టియేసీ కుటుంబమునుండియే దొరకినది. 1955లో కైనెటిన్ అను పదార్థమును కనుగొనిరి. 1957లో గార్టన్, ఈకిన్ అను అమెరికను శాస్త్రజ్ఞులు టార్టెల్లా అను నాచుపై దానిని ప్రయోగింపగా పోగులపై మొగ్గలు లేచెను. ఆ కోవలోనే ఢిల్లీ విశ్వవిద్యాలయమున ఆర్.ఎన్. చోప్రాగారును సహచరులును మన హయోఫిలానే గాజుపాత్రలలో పెంచి, మొగ్గ తొడుగుటకు దోహదమగు కారణములను 1982లో ప్రకటించిరి. గోడమీద మనము చీపురుతో గీకివేయు మొక్కయే ప్రయోగశాలలో జీవరహస్యమునకు సాక్షి యయ్యెను.

గృహస్థునకు ప్రయోగశాల అక్కరలేదు. విరిగిన ఇటుక ముక్కయో, రాలిపడిన పాత గచ్చు పెళ్ళయో తీసికొని ఒక రాత్రి నీట నాననీయవలెను. సొంత ప్రహరీనుండి చిటికెడు నాచును ఎత్తి, నీడన ఎండబెట్టి, వ్రేళ్ళతో నలిపి ఆ ముక్కపై చల్లవలెను. దానిని వెడల్పు మూకుడులో తడియిసుకపై నుంచి, ఉదయపు వెలుగు తగులు నీడ తావున పెట్టవలెను. వాననీరు పట్టియుంచుకొని చిలుకరించుట మేలు; గొట్టపుబావి నీటిలోని లవణములు ఎండినపుడు తెల్లని పొరగా పేరుకొని లేత పోగులను చంపును. ఎరువు వేయరాదు. నీరు నిలువరాదు. కొన్ని వారములకు పచ్చని నూలు అల్లుకొనును. ఓపిక పట్టినచో ఆకుల మొక్కలు లేచును. వేసవిలో ఎండిపోయినదని పారవేయవలదు. అది చావలేదు, వాన కొరకు కాచుకొని యున్నది.

నాచు గోడను పాడుచేయునను మాటలో కొంత నిజము లేకపోలేదు. అది తడిని పట్టి యుంచును. పాత గచ్చుపూతలకు ఆ తడి మంచిది కాదు. కాని తడి లేనిదే నాచు రాదు. గొట్టము కారుచున్నదనియు, సంపు చెమ్మగిల్లినదనియు, నీరు పోవు దారి మూసుకొన్నదనియు అది ముందుగా చెప్పుచున్నది. నాచును గీకి తడిని వదలినచో రోగమును విడిచి రోగలక్షణమును తుడిచినట్లగును. నడచు మెట్లను శుభ్రపరచుకొనవలసినదే. ఎవరును కాలు పెట్టని గోడమూలను మాత్రము దానికి వదలినచో నష్టము లేదు. చరిత్ర కట్టడములపై నాచును తాకుట మాత్రము మనకు తగదు. ఆ పని తెలిసినవారిది.

ఈ సంగతి ఇప్పుడు చెప్పుటకు కారణము కలదు. తూర్పు హైదరాబాదులో ఒంటింటి ప్రహరీలు పడిపోయి బహుళ అంతస్తుల భవనములు లేచుచున్నవి. పాత గచ్చుగోడలపై క్రొత్త పూతలు పడుచున్నవి. గోడ పోయిన దినమున దానిపై నాచును పోవును. అది అచ్చట నుండెనని చెప్పు ఆధారమును పోవును. ఆధారము నిలుపుట అతి సులభము. చిటికెడు నాచును నీడన ఎండబెట్టి, కాగితమును పొట్లముగా మడచి అందుంచి, పైన తేదీ, వీధి, గోడ గచ్చుదో సిమెంటుదో బండదో వ్రాసిన చాలును. ఎండిన నాచు చెడదు. హెడ్విగ్ రెండు వందల ఏండ్లకు పూర్వము సేకరించినవి జినీవాలో నేటికిని భద్రముగా నున్నవి, నేటి పండితులును వానిని తెరచి చూచుచున్నారు. ఈ వానకారులో దిల్‌సుఖ్‌నగరునందు ఒక విద్యార్థి కట్టిన పొట్లము, ఆ గోడ లేని కాలమున, ఆ గోడకు మిగిలిన ఏకైక దస్తావేజు కావచ్చును.